మా భార్గవి చేతుల మీద ఘాజియాబాద్ పిల్ల

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఏమేం చూశారని. కుతుబ్ మీనార్‌ను ఆటోలోంచి చూశాను, అదీ సగమే. మిగతా సగానికి బస్సు అడ్డొచ్చింది. ఎర్రకోట చూడలేదు. ఆగ్రా వెళ్లలేదు. నేను చూసిందల్లా ఘాజియాబాద్‌లో ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో నీలం రంగు మ్యాట్లు, వాటి మీద గాల్లోకి లేచి తలకిందులై దిగే ఆడపిల్లలు. "దానికోసం అంతదూరం వెళ్లాలా?" అంటున్నారు. వెళ్లాలనే అనిపించింది నాకు. ఎందుకో రాస్తాను.

నేను కాకినాడలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. మా తమ్ముడి కూతురు భార్గవికి పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచీ జిమ్నాస్టిక్స్ చేస్తోంది. దానిది జంటగా చేసే ఆట. ఇద్దరమ్మాయిల్లో ఒకరు కింద నిలబడి మోస్తారు, ఆ అమ్మాయిని బేస్ అంటారు. రెండో అమ్మాయి ఆమె తొడల మీద, భుజాల మీద, అరచేతుల మీద నిలబడుతుంది, ఎగిరి పల్టీ కొడుతుంది. ఆ అమ్మాయిని టాప్ అంటారు. మా భార్గవి బేస్. ఫొటోలన్నిటిలో పైనున్న పిల్ల నవ్వుతూ ఉంటుంది, మా తమ్ముడు గొప్పగా చూపించే ప్రతి ఫొటోలోనూ భార్గవి పళ్లు బిగించి ఉంటుంది.

ఈ ఆటలో చిక్కేమిటంటే టాప్ పిల్లలు పెరిగిపోతారు. భార్గవితో ఏళ్ల తరబడి చేసిన అమ్మాయి ఉన్నట్టుండి సాగి దీనికంటే పొడుగైపోయింది. ఇద్దరూ బాగా ఏడ్చి విడిపోయారు. మా ఊళ్లో మరో చిన్నపిల్ల దొరకలేదు. అప్పుడు భార్గవి కోచ్‌కి తెలిసిన పూనమ్ మేడం ఘాజియాబాద్ నుంచి కబురు పెట్టింది. ఆవిడ దగ్గర పదేళ్ల పిల్ల ఒకతి బేస్ లేక ఖాళీగా ఉంది, పైగా తెలుగువాళ్ల పిల్ల. ఇద్దరికీ కుదిరితే భార్గవి అక్కడే డిగ్రీలో చేరి సాధన చేసుకోవచ్చు. కుదరకపోతే ఆట మానేసి ఇక్కడే బీకాం.

మా తమ్ముడికి ఎరువుల కొట్టు. అసలే ఖరీఫ్ ముందు రోజులు, కదలడానికి లేదు. "నువ్వు తీసుకెళ్లి చూసి చెప్పక్కా. నువ్వు సరేనంటే సరే," అన్నాడు.

"నాకా ఆట గురించి ఏం తెలుసురా?"

"ఆట గురించి కాదు. అది అక్కడ ఉండగలదో లేదో నీకు తెలుస్తుంది."

అలా నా వేసవి సెలవులు ఢిల్లీకి అంకితమయ్యాయి.

ఆర్.కె. పురం: కుళాయిలో వేణ్ణీళ్లు

నా డిగ్రీ స్నేహితురాలు కామేశ్వరి వాళ్లాయన కేంద్ర ప్రభుత్వోద్యోగి. వాళ్ల క్వార్టర్స్‌లో దిగాం. మధ్యాహ్నం ఒంటిగంటకి చేరి, స్నానం చేద్దామని కుళాయి తిప్పితే చెయ్యి కాలింది. గీజర్ ఆపమన్నాను. కామేశ్వరి నవ్వింది. "గీజర్ ఎక్కడిదే? అది పైన ట్యాంకులో నీళ్లు. ఇక్కడ మే నెలలో స్నానానికి పొద్దున్నే బకెట్లు నింపి నీడలో పెట్టుకుంటాం, చల్లారడానికి." మా కాకినాడలో చెమట కారుతుంది. అక్కడ చెమట పట్టేలోపే ఆరిపోతుంది. సముద్రం లేని ఎండ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే భార్గవి ఒళ్లు వదులు చేసుకోవాలని ఎదురుగా ఉన్న పార్కుకి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ ఒక పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా నిలబడి చేతులెత్తి గట్టిగా నవ్వుతున్నారు. ఏం జోకు వేశారా అని చూశాను. ఏమీ లేదు, అది వాళ్ల వ్యాయామం. మా ఊళ్లో ఆడవాళ్లు పార్కులో అంత గట్టిగా నవ్వితే ఏమైందోనని జనం పోగవుతారు. ఇంతలో భార్గవి పక్కన పచ్చిక మీద చేతుల మీద నిలబడి, అలాగే నడుస్తూ వాళ్ల ముందు నుంచి వెళ్లింది. నవ్వులు ఆగిపోయాయి. రెండు నిమిషాల్లో సల్వార్ కమీజు వేసుకున్న ఒక పంజాబీ ఆంటీ చెప్పులు విడిచి, "బేటా, ముఝే భీ సిఖా దో," అంటూ నేర్పమని వచ్చింది. భార్గవి ఆవిడ కాళ్లను వేపచెట్టు మొదలుకు ఆనించి నిలబెట్టింది. తలకిందులుగా ఉన్న ఆవిడ కళ్లజోడు జారి గడ్డిలో పడింది. మిగతా తొమ్మిదిమందీ ఈసారి నిజంగానే నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు మా ఇద్దరికీ తలో పుచ్చకాయ ముక్క కొనిపెట్టారు.

కామేశ్వరి కొడుకు పదో తరగతి. వాళ్లమ్మ తెలుగులో అడుగుతుంది, వాడు హిందీలో చెబుతాడు. మధ్యలో నేను ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుంటే, "అలవాటైపోయిందే. వాడికి అన్నీ అర్థమవుతాయి, నోరే తిరగదు," అంది కామేశ్వరి.

ఘాజియాబాద్: మూడు అన్నాక

మెట్రోలో రెండు లైన్లు మారి, తర్వాత ఆటో ఎక్కాం. నా హిందీ టీవీ వార్తల హిందీ. షెడ్డు కనబడగానే దర్జాగా, "భయ్యా, హమే యహాఁ గిరా దీజియే," అన్నాను. ఆటో అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి నవ్వాపుకుంటూ, "గిరానా నహీ, మేడంజీ. ఉతార్‌నా," అన్నాడు. దించమనబోయి పడేయమన్నానట. భార్గవి నవ్వుతూనే దిగింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా నిలవలేదు.

షెడ్డు ఒకప్పుడు గోడౌను. లోపల నాలుగు పెద్ద కూలర్లు రొద పెడుతున్నాయి. ఒక మూల చిన్న పిల్లలు గోడకు కాళ్లానించి చేతుల మీద నిలబడి ఉన్నారు, మరో మూల కొందరు పరుగెత్తుకొచ్చి ముందుకు పల్టీ కొట్టి నురుగు దిమ్మల గుంటలో పడుతున్నారు. పడి, నవ్వుకుంటూ ఈదినట్టు బయటికొచ్చి మళ్లీ వరుసలో నిలబడుతున్నారు. పూనమ్ మేడం పొట్టి మనిషి, గొంతు మాత్రం కూలర్లను దాటి వినబడుతుంది. పక్కనే జారుడు బల్ల అంచున కూర్చున్నట్టు మ్యాట్ల దొంతర మీద కూర్చుని ఉంది ఆ పిల్ల, ఆద్య. రెండు జడలు, బక్కపలుచని కాళ్లు, పెద్ద కళ్లు. వాళ్లమ్మ సుజాత నెల్లూరామె. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది.

సుజాత నాకు కుర్చీ వేసి మెల్లగా చెప్పింది. "పోయిన సంవత్సరం పైనుంచి పడిందండీ. అప్పుడు దీంతో చేసే అమ్మాయి పట్టుకోలేకపోయింది. చెయ్యి విరిగింది. ఇప్పుడు ఎముక బాగానే అతుక్కునింది. డాక్టరు కూడా చెయ్యొచ్చన్నారు. కానీ బెల్టు లేకుండా చెయ్యనంటోంది." బెల్టంటే నడుముకు కట్టే పట్టీ. దాని తాళ్లు పైకప్పుకున్న కప్పీల మీదుగా వచ్చి మేడం చేతిలో ఉంటాయి. పిల్ల జారితే ఆవిడ తాడు లాగి గాల్లోనే ఆపుతుంది. పోటీల్లో అది ఉండదు.

మొదట తేలికైన ఎత్తుడు. భార్గవి వేళ్లు పెనవేసి దోసిలి పట్టింది. అందులో ఆద్య కాలు పెట్టగానే పైకి లేపాలి. భార్గవి, "ఒకటి, రెండు, మూడు," అంది. మా ఊళ్లో మూడు అనగానే లేపుతారు. ఘాజియాబాద్‌లో మూడు అన్నాక ఒక్క క్షణం ఆగి ఎగురుతారట. భార్గవి చేతులు పైకి వెళ్లాయి, ఆద్య కిందే ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా మ్యాట్ మీద కూలబడ్డారు. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆద్య కూడా నవ్వింది. అక్కడిదాకా బాగానే ఉంది.

బెల్టు కట్టాక ఆ పిల్లను చూడాలి. దోసిట్లోంచి లేచి, గాల్లో వెనక్కి ఒక పల్టీ కొట్టి, ఈక రాలినట్టు దిగింది. భార్గవి మొహం వెలిగిపోయింది. "అత్తా, చూశావా? అసలు బరువే లేదు," అని అరిచింది. తర్వాత మేడం బెల్టు విప్పించింది. ఆద్య దోసిట్లో కాలు పెట్టింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. కాలు తీసేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి భార్గవి మొహంలోకి చూస్తూ, "దీదీ, ఆప్ గిరా దోగీ," అంది.

ఆ మాట అర్థం నేను వచ్చేటప్పుడు ఆటోలోనే నేర్చుకున్నాను. పడేస్తావు అంటోంది.

"లేదు, పడెయ్యను," అంది భార్గవి తెలుగులో. పిల్ల విన్నది, అర్థమైంది, తల అడ్డంగా ఊపి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

బయట ఎండలో ఒక బండి దగ్గర ఛోలే కుల్చే తిన్నాం, శనగల కూరా మెత్తటి రొట్టెలూ. ఇద్దరికీ కలిపి వంద లోపే అయింది. పుల్లగా ఘాటుగా బ్రహ్మాండంగా ఉన్నాయి. తర్వాత నిమ్మరసంలో నల్లుప్పూ జీలకర్రా కలిపిన షికంజీ తాగాం. నేను ఆ రెండూ లొట్టలేస్తూ లాగించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే నా పక్కన భార్గవి కుల్చేను ముక్కలు చేసి ప్లేట్లోనే వదిలేసింది. "కళ్లు మూసేసుకుంటోందత్తా. కళ్లు మూసుకున్న పిల్లని నేనెలా పైకి విసురుతాను?" అంది. ప్లేటు పక్కన పెట్టి, "వెళ్లిపోదామా?" అంది. మేడం ఎల్లుండి మళ్లీ రమ్మంది కదా, అప్పటిదాకా ఉందామన్నాను.

కటవారియా సరాయ్: గోంగూర పప్పు

మర్నాడు ఖాళీ. దీన్ని ఇంట్లో కూర్చోబెడితే లాభం లేదని కామేశ్వరి అంది. కటవారియా సరాయ్‌లో పోటీ పరీక్షలు రాసే మన పిల్లలు అద్దెకుంటారని, అక్కడొక మెస్సులో మన భోజనం దొరుకుతుందని దారి చెప్పింది. కుతుబ్ మీనార్ సగం కనబడింది ఆ దారిలోనే.

ఆ సందులు చూస్తే చాలా ముచ్చటేసింది. ఇద్దరు పక్కపక్కన నడవడానికి వీల్లేని వెడల్పు, పైన గుత్తులుగా కరెంటు తీగలు, అడుగడుక్కీ ఫొటోకాపీ కొట్లు. మెస్సు మేడ మీద. ఒక్కటే పొడుగాటి బల్ల, అందరూ భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. గోంగూర పప్పు మొదటి ముద్దకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకు మాత్రం మన గోంగూరంత పులుపు లేదు, ఆ లోటు చింతపండుతో సరిపెట్టారు. బోటనీ వాళ్లను అంత సులువుగా మోసం చేయలేరు. అయినా మారు వడ్డించుకున్నాను.

భార్గవి ఎదురుగా కరీంనగర్ నుంచి వచ్చిన స్రవంతి అనే అమ్మాయి కూర్చుంది. సివిల్స్ మూడోసారి రాస్తోందట. అన్నం కలుపుతూ భార్గవిని కాసేపు చూసి, "ఏం చెల్లె, పరీక్ష వోయిందా?" అని అడిగింది.

భార్గవి మామూలుగా కొత్తవాళ్లతో మాట్లాడదు. ఆ రోజు మొత్తం చెప్పేసింది. స్రవంతి తినడం ఆపకుండా విన్నది.

"నువ్వు ఆ పొల్లని ఎన్నడు కలిసినవ్?"

"నిన్న."

"నిన్న కలిసి, నిన్ననే నమ్మాల్నంటవా? నువ్వు గట్టిగున్నవని నీకెరుక. ఆ పొల్లకెట్లెరుక? ఇంతకుముందు పట్టుకున్నామె గూడ పడెయ్యనని జెప్పే ఉంటది గద."

స్రవంతి తన పెరుగు కప్పు దీని వైపు జరిపి, "నాకు జలుబున్నది, నువ్వు తిను," అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. భార్గవి పెరుగన్నం పూర్తిగా తిన్నది. మెట్లు దిగుతూ, "అత్తా, రేపు చీర కట్టుకోకు," అంది.

"ఏం?"

"పనుంది."

మళ్లీ ఘాజియాబాద్: నేను ఎక్కాను

కామేశ్వరి చుడీదారు నాకు పొట్టిగా, బిగుతుగా ఉంది. అది వేసుకుని షెడ్డులోకి వెళ్తే ఎవరూ పట్టించుకోలేదు, అదొక్కటే అదృష్టం. ఆద్య మ్యాట్ల దొంతర మీద కూర్చుని లిచీ పళ్లు ఒలుచుకు తింటోంది. భార్గవి ఆ పిల్లను రమ్మని పిలవలేదు. మేడంతో ఏదో మాట్లాడి, షెడ్డులో ఉన్న పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ఎత్తడం మొదలుపెట్టింది. ఒకరిని తొడల మీద, ఒకరిని భుజాల మీద, ఒకరిని పడుకుని పాదాల మీద. లావుగా ఉన్న ఒకమ్మాయి సిగ్గుపడుతూ వద్దంటే ఆమెనూ ఎత్తింది. పూనమ్ మేడం కూడా ఎక్కి, పైనుంచే ఎవరినో కేకలేసి దిగింది. ఆద్య లిచీలు ఒలవడం మానేసి చూస్తోంది.

"ఇప్పుడు నువ్వత్తా."

"నేను డెబ్బై కిలోలున్నానే."

"తెలుసు. చెప్పులు విప్పు."

భార్గవి కాళ్లు ఎడంగా పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడింది. నా రెండు మణికట్లూ పట్టుకుంది. సుజాతా, మేడం చెరోపక్క వచ్చి నిలబడ్డారు. ఒక కాలు దాని తొడ మీద పెట్టాను, తర్వాత రెండోది. చుడీదారు ఎక్కడో పర్రున చిరిగింది. ఎక్కడో చూసుకునే వీలు లేదు.

"కిందకి చూడకు. నన్ను చూడు. మోకాళ్లు బిగించి వెనక్కి వాలు."

"వాలితే పడిపోతానే."

"వాలకపోతేనే ఇద్దరం పడతాం. నేను ఇటు వాలతాను, నువ్వటు వాలు."

వాలాను. చేతులు బిగిసి తాళ్లలా సాగాయి. నా కాళ్లు గడగడ వణుకుతున్నాయి. దాని మొహం నాకు ఎదురుగా, నేను ఎన్నో ఫొటోల్లో చూసిన ఆ బిగిసిన పళ్లతో. ఫొటోలో అది కష్టంలా కనబడేది. అంత దగ్గర నుంచి చూస్తే కష్టం కాదు, జాగ్రత్త. నా మొహంలో ఏ కండ కదులుతోందో కూడా చూస్తోంది. ఒళ్లో వేసుకుని పాలు పట్టిన పిల్ల నన్ను మోస్తోంది అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఎంతసేపున్నానో తెలియదు. దింపాక మ్యాట్ మీద చతికిలబడ్డాను. ఆద్య వచ్చి నా ఎదుట నిలబడి, "డర్ లగా, ఆంటీ?" అంది.

"వేసిందమ్మా, బాగా భయమేసింది," అన్నాను తెలుగులోనే. "ఇదిగో, ఇంకా వణుకుతున్నాను. కాని నేను వణికినంతసేపూ అది వణకలేదు."

ఆ పిల్ల నా కాళ్ల వైపు చూసింది. నిజంగానే వణుకుతున్నాయి. తర్వాత భార్గవి దగ్గరికి వెళ్లి, "దీదీ, గిన్‌తీ మై కరూఁగీ," అంది. అంకెలు నేనే చెబుతాను అని.

ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఎప్పుడు ఎగరాలో ఎగిరే పిల్లే చెప్పాలి. భార్గవి దోసిలి పట్టింది. మేడం బెల్టు తీసి దూరంగా పెట్టి, తను దగ్గరగా వచ్చి నిలబడింది. ఆద్య కాలు పెట్టింది. "ఏక్," అంది. చాలాసేపు ఊరుకుంది. కూలర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. భార్గవి చేతులు అలాగే ఉన్నాయి. "దో." కళ్లు తెరిచే ఉన్నాయి. "తీన్" అని, ఒక్క క్షణం ఆగి ఎగిరింది.

పల్టీ పూర్తయింది కాని పక్కకు ఒరిగింది. భార్గవి ఒక్క అంగలో వెళ్లి నడుము దొరకబుచ్చుకుంది, ఇద్దరూ దొర్లారు. సుజాత కుర్చీలోంచి లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఎవరిని ఆపడానికో తెలియకుండానే. ఆద్య భార్గవి పొట్ట మీద పడి ఉంది. తలెత్తి, తన చెయ్యి ఒకసారి మడిచి చాపి చూసుకుంది. అప్పుడు లేచి, జడలు వెనక్కి వేసుకుని, మళ్లీ దోసిట్లో కాలు పెట్టింది.

రెండోసారి నిటారుగా దిగింది. మూడోసారి ఇంకా బాగా. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. మధ్యాహ్నానికి భార్గవి చేతులు నిటారుగా పైకెత్తి నిలబడితే, ఆ అరచేతుల మీద ఆద్య తన అరచేతులు ఆనించి, కాళ్లు పైకప్పు వైపు చాపి తలకిందులుగా నిలిచింది. పూనమ్ మేడం మొదటిసారి గొంతు తగ్గించి, "ఠీక్ హై," అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు రాదని సుజాత చెప్పింది.

అదే సుజాత చిరిగిన నా చుడీదారు మీద తన చున్నీ కప్పి, గేటు దాకా వస్తూ, "మీ అమ్మాయిని మా ఇంట్లోనే ఉంచండి. ఆద్య గదిలో ఇంకో మంచం పడుతుంది. హాస్టలెందుకు?" అంది. మళ్లీ తనే, "రోజూ నాకు భయంగానే ఉంటుంది. కానీ ఈరోజు అది చెయ్యి చూసుకుని లేచింది చూడండి, ఇంకేం చెప్పేది?" అంది.

ఆటోలోంచే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"పడిందా?" అన్నాడు ముందుగా.

"పడింది. ఆ పిల్లని మీద వేసుకుని పడింది."

"మరి?"

"ఉండగలదురా. నేను సరేనంటున్నాను."

వెనక లారీలోంచి బస్తాలు దించుతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరినో ఆగమని కేకేసి, "దాని మంచి చెప్పులు ఇక్కడే మర్చిపోయింది. కొరియర్ చెయ్యనా?" అన్నాడు. పక్కన భార్గవి వింటోంది. చెప్పులు అక్కర్లేదని, వాళ్లమ్మ పెట్టిన ఆవకాయ పంపమని నా చేత చెప్పించింది.

బయల్దేరిన రోజు

తిరుగు రైలు సాయంత్రం. దారి కాకపోయినా ముందు ఘాజియాబాద్ వెళ్లాను, చెప్పి వద్దామని. ఈసారి ఆటో అతనికి సరైన మాటే చెప్పాను. సంచిలో కామేశ్వరి కట్టిచ్చిన పులిహోర, స్టాఫ్ రూముకు రెండు కిలోల పేఠా, బూడిదగుమ్మడి మిఠాయి.

నేను వెళ్లేసరికి సాధన నడుస్తోంది. గేటు దగ్గర నిలబడి, "భార్గవీ, బయల్దేరుతున్నానే," అన్నాను.

అది షెడ్డు మధ్యలో చేతులు పైకెత్తి నిలబడి ఉంది. ఆ చేతుల మీద ఆద్య, తలకిందులుగా, కాలి వేళ్లు కొసల దాకా చాపి. భార్గవి కళ్లు పైనున్న పిల్ల మీద ఉన్నాయి. తల తిప్పలేదు. తిప్పకూడదని ఇప్పుడు నాకు తెలుసు.

"జాగ్రత్తగా వెళ్లత్తా," అంది, అలా పైకి చూస్తూనే.

"నువ్వు కానియ్యి," అన్నాను.

పక్కనే ఉన్న సుజాతకు ఆమె చున్నీ ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని, చప్పుడు కాకుండా గేటు దగ్గరగా వేసి వచ్చాను.